గ్యాస్ రూం సుందరమ్మ

సుందరమ్మ భర్త ఇస్సాకు చనిపోయిన రోజు నాకు గుర్తులేదు. అప్పటికి నేను చాలా చిన్నదాన్ని. ఆ తర్వాత ఆమె మా దుకాణానికి వచ్చే తీరు మాత్రం బాగా గుర్తుంది.

హుస్సేనీ ఆలంలో మా నాయన కైలాసం కిరాణా దుకాణం నడిపేవాడు. సుందరమ్మ మా వెనక గల్లీలో అత్త ఆగమ్మతో, కూతురు రాజమణితో ఉండేది. పప్పుకో నూనెకో వచ్చేది. ఒకరోజు నాయన ఎవరికో బ్లీచింగ్ పౌడర్ తూచి ఇవ్వడానికి సంచి మూతి విప్పాడు. సుందరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఒక్క ఉదుటున మెట్లు దిగి, రోడ్డుకు అవతలి పక్కన గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ముఖంలో నెత్తురు లేదు. నాయన సంచి మూసి, చేతులు కడుక్కుని, ఆమె సామాను తనే పట్టుకుని రోడ్డు దాటి ఇచ్చి వచ్చాడు. ఆ రోజు నుంచి ఆ సంచి వెనక గదిలోకి పోయింది.

మా బస్తీకి మంచినీళ్లు చెరువు గట్టు కింద ఉన్న ఒక చిన్న కేంద్రం నుంచి వచ్చేవి. అందరం దాన్ని నీళ్ల కార్ఖానా అనేవాళ్లం. చెరువు నీళ్లలో పటిక కలిపి మట్టిని అడుగుకు దించేవారు. తేరిన నీళ్లను ఇసుక పరిచిన పెద్ద తొట్లలో వడగట్టేవారు. చివర్లో రోగాలు రాకుండా క్లోరిన్ గ్యాస్ కలిపి నల్లాలకు వదిలేవారు. బ్లీచింగ్ పౌడర్‌ది కూడా అదే వాసన. గ్యాస్ సిలిండర్లు ఉండే గదికి ఆకుపచ్చ తలుపులు. ఇస్సాకు అక్కడ ఆపరేటర్‌కు సాయంగా పనిచేసేవాడు. అరవైతొమ్మిదిలో, తెలంగాణ లొల్లి నడుస్తున్న ఎండాకాలంలో, ఖాళీ సిలిండర్ తీసి కొత్తది బిగిస్తుంటే మూతి దగ్గర గ్యాస్ ఎగదన్నింది. తోటివాళ్లు అతన్ని బయటికి ఈడ్చి, గోడ కింద నీడలో పడుకోబెట్టారు. లొల్లితో ఆ రోజు బస్సులు లేవు, రిక్షాలు లేవు. బండి దొరికి దవాఖానకు చేర్చేసరికి అతని నోటినుంచి నురగ వస్తోంది. సాయంత్రానికి ప్రాణం పోయింది.

పనిలో మనిషి పోయిన ఇంట్లో ఒకరికి అక్కడే కొలువు ఇస్తామన్నారు. సుందరమ్మ మెదక్ దగ్గర మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. అయినా అప్పుడు ఖాళీ ఉన్నది కూలీ పని ఒక్కటే. తొట్లలో పైపొర ఇసుక గీకి తీసి, కడిగి, మళ్లీ పరవాలి.

"వాన్ని మింగినకాడికే నువ్వు గూడ పోతవా?" అని ఆగమ్మ నిలదీసింది.

"ఇంకేడికి పోవాలె అత్తమ్మా? పిల్ల ఉన్నది గద."

వెళ్లింది. కానీ ఆకుపచ్చ తలుపుల ముందు నుంచి నడిచేది కాదు. గేటు నుంచి తొట్లకు దారి ఆ గది పక్కనుంచే. ఆమె మాత్రం పటిక గోదాము వెనకనుంచి, ముళ్లకంపల మధ్యనుంచి చుట్టు తిరిగి పోయేది. గాలి ఆ వైపు నుంచి వీస్తే చేతిలో పార వదిలేసి గట్టు మీదికి ఎక్కి నిలబడేది. తోటి ఆడవాళ్లు మొదట నవ్వారు. తర్వాత ఊరుకున్నారు. గేటు దగ్గర కాపలా ఉండే జహంగీర్ భాయ్ మాత్రం పొద్దున్నే వేలు నోట్లో తడిపి గాలికి పట్టి చూసి, "ఆజ్ హవా ఉధర్ హై అమ్మా, ఫికర్ నక్కో" అని, గాలి అటు పోతోంది భయం లేదని చెప్పి లోపలికి పంపేవాడు.

అట్లా అయిదేళ్లు గడిచాయి.

డెబ్బైనాలుగులో వానలు ముదిరిన రోజుల్లో ఒక విచిత్రం జరిగింది. మా నల్లా నీళ్లు ఒక్కసారిగా రుచిగా మారాయి. ఎప్పుడూ ముంతెడు నీళ్లు ఎత్తితే మందు వాసన ముక్కుకు తగిలేది. అది పోయింది. మా అమ్మ పప్పు బాగా ఉడుకుతోందని సంతోషపడింది. ఆగమ్మ నల్లా దగ్గర బిందె నింపుకుంటూ, "మస్తున్నయి గదనే నీళ్లు! బాయి నీళ్ల లెక్క తియ్యగున్నయి" అని అందరితో అంది. సుందరమ్మ కూడా ఆ వారం ప్రశాంతంగా ఉంది. పని దగ్గర కూడా ఆ వాసన లేదు. తొలిసారి గోదాము చుట్టూ తిరగకుండా దగ్గరి దారిన నడిచిందట. ప్రభువు తన మొర విన్నాడనుకుందట.

మొదట మంచం పట్టింది సక్కుబాయి. చార్మినార్ దగ్గర పూలు అమ్మేది, సుందరమ్మ ఎదురింట్లో ఉండేది. పొద్దున విరేచనాలు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయాయి, గొంతు పోయింది. పొద్దు గుంకకముందే మనిషి పోయింది. ఆమె శవం ఇంకా వాకిట్లోనే ఉండగా అదే గల్లీలో మరో మూడు ఇళ్లలో వాంతులు మొదలయ్యాయి. ఎవరూ ఆ వాకిట్లోకి పోవడానికి సాహసించలేదు. తలుపులు ఒకదాని తర్వాత ఒకటి మూసుకున్నాయి. మా అమ్మ నన్ను లోపలి గదిలో పెట్టి గొళ్లెం వేసింది.

మర్నాడు రాజమణి పడిపోయింది.

సుందరమ్మ పిల్లను భుజాన వేసుకుని, కలరా వచ్చినవాళ్లను చేర్చుకునే కోరంటి దవాఖానకు పరుగెత్తింది. అక్కడ వరండాల్లో, నేల మీద, ఎక్కడ చూసినా మా బస్తీవాళ్లే. రాజమణి పొట్ట మీది చర్మం గిల్లి వదిలితే అట్లాగే ముడతపడి నిలిచిపోతోంది. సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదు. నర్సు అక్కడా ఇక్కడా పొడిచి చివరికి కాలి దగ్గర పట్టుకుంది. సుందరమ్మ పిల్ల పాదాన్ని కదలకుండా పట్టుకుని కూర్చుంది. పాదం చల్లగా ఉంది. అది ఇంకా చల్లబడుతోందా లేదా అన్నదొక్కటే ఆమె చూస్తోంది.

ఒక డాక్టరు అందరినీ అడుగుతూ ఆమె దగ్గరికి వచ్చాడు. "మీకు నీళ్లు ఎక్కడివి?"

"నల్లాయి సార్."

"మందు వాసన వస్తోందా?"

"లేదు సార్. వారం రోజుల సంది లేదు. నీళ్లు మంచిగ..." అని మధ్యలోనే ఆగిపోయింది.

ఆ మాట ఎందుకు మధ్యలో ఆగిందో ఆమె తర్వాత రాజమణికి చెప్పింది, రాజమణి నాకు చెప్పింది. ఇన్నేళ్లుగా ఏ వాసన తన భర్తను చంపిందని పారిపోయిందో, ఆ వాసన లేకపోవడమే ఇప్పుడు పిల్లను తీసుకుపోతోందని అర్థమైందట.

రాజమణి బతికింది. మా గల్లీలో అందరూ బతకలేదు.

పిల్లను ఇంటికి తెచ్చాక సుందరమ్మ తిన్నగా రాజన్న దగ్గరికి పోయింది. రాజన్న కార్ఖానాలో పెద్ద ఆపరేటర్. ఇస్సాకుకు దోస్తు. ఆమెను చెల్లె అనేవాడు.

"గ్యాస్ ఎందుకు బందయింది అన్నా?"

"సిలిండర్ అయిపోయింది చెల్లె. కొత్తది బిగియ్యాలె. ఒకడు ఇంకొకనికి చెప్పిండు, వాడు ఇంకొకనికి చెప్పిండు. ఇన్నొద్దులు ఎట్లనో నెట్టుకొచ్చినం గాని, ఇస్సాకు పోయినకాంచి ఆ మూతి ఇప్పాలంటే అందరికి భయమే."

"నీకు గూడనా?"

"నాకు గూడ."

ఆమె అతన్ని తిట్టలేదు. తిట్టడానికి తనకేం మొఖముంది అనుకుందట. తానూ ఆ వారమంతా సుఖంగా ఊపిరి పీల్చినదే కదా.

ఆ చావుల తర్వాత పైవాళ్లు కళ్లు తెరిచారు. చేతికొచ్చినట్టు పనిచేయించడం ఇక కుదరదని, శిక్షణ తీసుకుని పరీక్ష పాసైనవాళ్లే గ్యాస్ గదిలోకి పోవాలని ఉత్తర్వు వచ్చింది. పాత ఆపరేటర్లు సైతం పరీక్ష రాయాల్సిందే. ఏడో తరగతి చదివిన కూలీలు ఎవరైనా పేరు ఇవ్వొచ్చు అన్నారు. కూలీల్లో ఎవరూ ఇవ్వలేదు. సుందరమ్మ ఒక్కతే పోయి అసిస్టెంట్ ఇంజనీరు వైకుంఠం గారి గది ముందు నిలబడింది.

వైకుంఠం గారు నెమ్మదైన మనిషి. ఆమె ఎవరి భార్యో ఆయనకు తెలుసు. "ఆలోచించుకునే వచ్చావా అమ్మా? ఆడవాళ్లు చేయకూడదని రూల్ లేదు గానీ, ఇప్పటిదాకా ఎవరూ చేయలేదు. భయం లేదా?"

"ఉన్నది సార్. మస్తున్నది."

"మరి?"

"భయపడి దూరముంటే ఏమైందో చూసినం గద సార్."

ఆయన పేరు రాసుకున్నాడు. ఇంట్లో ఆగమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు. "నీకు గూడ ఏమన్నయితే ఈ పిల్లను నేను యేడ వెట్టుకోవాలె?" అని ఒకటే ఏడుపు. ఆ ప్రశ్న సుందరమ్మ కూడా ప్రతి పూటా వేసుకునేది.

తరగతులు మూసీ అవతల ఒక ఆఫీసులో జరిగాయి. సుందరమ్మ, రాజన్న, ఇంకొందరు కలిసి నయాపూల్ మీదుగా నడిచి పోయేవారు. పటిక ఎంత వేయాలి, ఇసుక తొట్టిని కిందినుంచి నీళ్లు ఎదురెక్కించి ఎట్లా కడగాలి, గాజు గొట్టంలో నీళ్లు పట్టి పరీక్ష చుక్కలు వేస్తే క్లోరిన్ సరిపోయిందనడానికి ఎంత పసుపు తిరగాలి, ఇవన్నీ ఆమెకు ఇష్టంగానే అనిపించాయి. ఆ పసుపు రంగును పోల్చడంలో ఆమె కన్ను చురుకు. గ్యాస్ పాఠం వచ్చిన రోజు మాత్రం కొంగు ముడి పిసుకుతూ కూర్చుంది.

"క్లోరిన్ గాలి కంటే బరువు" అని పాఠం చెప్పే ఆయన బోర్డు మీద గీత గీశాడు. "పైకి పోదు. నేల పట్టుకుని పాకుతుంది. గుంతల్లో, గోడల మూలల్లో నిలుస్తుంది. మనిషికి గ్యాస్ తగిలితే గాలికి ఎదురుగా, మిట్ట మీదికి తీసుకుపోవాలి. పల్లంలో పడుకోబెట్టారంటే చేతులారా చంపినట్టే."

సుందరమ్మకు ఆ గోడ గుర్తొచ్చింది. గ్యాస్ గదికి దిగువన, కాలువ పక్కన, నీడ పడే గోడ. తల తిప్పి రాజన్నను చూసింది. రాజన్న బల్ల వైపు చూస్తున్నాడు. అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు వంతెన సగం దాటాక ఆమే అడిగింది. "అప్పుడు గీ ముచ్చట ఎవలకన్న ఎర్కనా అన్నా?"

"ఎవలకు ఎర్క లేదు చెల్లె. ఎండ మస్తుండె. నీడ జూసి పండవెట్టినం."

హైకోర్టు గోడ దాటాక రాజన్న వెనకబడ్డాడు. ఆమె ఆగి, అతను వచ్చేదాకా నిలబడి, మళ్లీ కలిసి నడిచింది.

రాతపరీక్ష సులువుగానే గట్టెక్కింది. అసలు పరీక్ష ఆకుపచ్చ తలుపుల వెనక. ముఖానికి రబ్బరు మాస్కు తగిలించుకుని లోపలికి పోయి, ఖాళీ సిలిండర్ విప్పి, కొత్తది బిగించి, అమ్మోనియాలో ముంచిన గుడ్డను మూతి దగ్గర పట్టాలి. గ్యాస్ కారుతుంటే గుడ్డ దగ్గర తెల్లటి పొగ లేస్తుంది. పొగ లేకపోతే పాస్.

సుందరమ్మ మాస్కు పెట్టుకుంది. పట్టీ బిగించగానే తన ఊపిరి తన చెవుల్లోనే మోగింది. లోపలి రబ్బరు వాసన. ఇస్సాకు పని నుంచి వచ్చినప్పుడు చెంపల మీద ఉండే వాసన అదే. గుమ్మం దాటి రెండడుగులు వేసిందో లేదో, గాలి అందలేదు. మాస్కు పీకి పారేసి బయటికి ఉరికింది. గట్టెక్కి, చెట్టు మొదట్లో కూలబడి, కక్కుకుంది. పరీక్ష చేసేవాళ్లు ఫెయిల్ అని రాసి పోయారు. రాజన్న, మిగతావాళ్లు పాసయ్యారు.

సాయంత్రం జహంగీర్ భాయ్ ఆమెకు చాయ్ తెచ్చి ఇచ్చాడు. "ఛోడ్ దో అమ్మా. ఇసుక పని ఏమన్న చెడ్డదా?" అన్నాడు. ఆమె చాయ్ తాగి, గ్లాసు కడిగి ఇచ్చింది.

మరుసటి వారం ఆమె వైకుంఠం గారిని అడిగి, పనికిరాని పాత మాస్కు ఒకటి ఇంటికి తెచ్చుకుంది. అప్పటినుంచి ఇంట్లో దాన్ని పెట్టుకునే పనులు చేసేది. ఒకరోజు నేను రాజమణి కోసం పోతే, దీపం వెలుతురులో సుందరమ్మ గుడ్లగూబ కళ్లలాంటి గాజు అద్దాలతో, తొండం లాంటి గొట్టంతో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను కెవ్వుమని అరిచి పరుగెత్తాను. రాజమణి నవ్వలేదు. దానికీ భయమే. "అమ్మ అది తీసినంక మొఖమంత తడిగుంటది" అంది. "చెమటనా ఏడుపా నేను అడగ."

మొదట్లో అది పెట్టుకుని కాసేపు కూడా ఉండలేకపోయేది. తర్వాత బియ్యం ఏరడం అయిందాకా ఉండగలిగింది. ఆ తర్వాత రొట్టెలు చేసిందాకా. కార్ఖానాలో రాజన్న ఖాళీ సిలిండర్ ఒకటి బయటి చెట్టుకింద పెట్టి, పాన పట్టుకుని మరలు విప్పడం బిగించడం నేర్పాడు. "పాన కడుపుకు ఆనియ్యకు. బలం చేతులకెల్లి రాదు, కాళ్లకెల్లి వస్తది" అని మళ్లీ మళ్లీ చెప్పేవాడు. రెండోసారి పరీక్షలో ఆమె చేతిలో పాన సిలిండర్ మీద టకటకా కొట్టుకుందట. అయినా బిగించింది. గుడ్డ పట్టింది. పొగ రాలేదు.

డెబ్బైఏడులో సుందరమ్మ ఆపరేటర్ అయింది. మా బస్తీ ఆమెను గ్యాస్ రూం సుందరమ్మ అనడం మొదలుపెట్టింది. పొద్దున్నే నీళ్లలో మందు వాసన తగిలితే మా అమ్మ, "సుందరమ్మ డ్యూటీ ఎక్కింది" అనేది. వాసన తక్కువగా ఉందని అనుమానం వస్తే ఆడవాళ్లు బిందె పట్టుకుని ఆమె ఇంటికే పోయేవారు. ఆమె కొంగు చివర కట్టుకున్న గాజు గొట్టం తీసి, చుక్కలు వేసి చూసేది. పసుపు తిరిగిందాకా అందరూ ఊపిరి బిగపట్టి చూసేవాళ్లం.

భయం ఆమెను వదల్లేదు. పనికి బయలుదేరే ముందు ప్రార్థన చేసుకుని, రాజమణి తల మీద చెయ్యిపెట్టి, గుమ్మం దాటి, మళ్లీ వెనక్కి వచ్చి ఒకసారి చూసి పోయేది. ఎప్పుడూ అట్లా వెనక్కి రావద్దు, అపశకునం అని ఆగమ్మ కసిరేది.

ఎనభైఒకటి మే నెలలో, నడి మధ్యాహ్నం, కార్ఖానాకు సిలిండర్ల లారీ వచ్చింది. దించేటప్పుడు తాడు తెగింది. ఒక నిండు సిలిండర్ బండరాళ్ల మీద పడి దొర్లింది. మూతి దగ్గర చిట్లింది. ఈల లాంటి శబ్దంతో, పచ్చపచ్చగా పొగ నేల మీదికి పరుచుకుంది.

లారీకి దగ్గరగా ఉన్న జహంగీర్ భాయ్ గొంతు పట్టుకుని పడిపోయాడు. సుందరమ్మ తొట్ల దగ్గరినుంచి చూసింది. హమాలీలు ఇద్దరు అతన్ని రెక్కలు పట్టి ఈడుస్తున్నారు. అదే గోడ వైపు, అదే నీడకు.

"అటు గాదు!" ఆ అరుపు తనదేనని ఆమెకే తెలియలేదట. "గోడ కిందికి గాదు! గట్టు మీదికి! మీదికి తీస్కపోండ్రి!"

హమాలీలు బిత్తరపోయి ఆగారు. ఆమె చేతులూపుతూ ఎదురు పరుగెత్తింది. అప్పటికి ముసలివాడైన రాజన్న కూడా వచ్చి ఒక రెక్క పట్టాడు. జహంగీర్ భాయ్‌ని చెరువు గట్టు పైకి ఎక్కించారు. అక్కడ గాలి తగిలి అతను దగ్గడం మొదలుపెట్టాడు. దగ్గుతున్నాడంటే ఊపిరి ఉన్నట్టే.

గాలి మాత్రం బస్తీ వైపు తిరిగింది. పచ్చటి పొగ ప్రహరీ కింది కంతల్లోంచి కాలువలోకి దిగుతోంది. కాలువ వెంట గుడిసెలు. జనం ఇళ్లలోంచి బయటపడి దిగువకు పరుగెత్తుతున్నారు.

"అన్నా, నువ్వు వాళ్ల దిక్కు పో. మిద్దెలు ఎక్కుమను, గట్టు ఎక్కుమను. కాలువలకు మాత్రం ఎవ్వల్ని పోనియ్యకు" అంది.

"నువ్వు?"

ఆమె సిలిండర్ వైపు చూసింది. కొద్ది దూరంలోనే సున్నపు నీళ్ల గుంత ఉంది, ఇలాంటి రోజు కోసమే తవ్వింది. సిలిండర్‌ను అందులోకి దొర్లిస్తే సున్నం గ్యాస్‌ను చాలావరకు పట్టేస్తుంది. పనిచేసే మాస్కు ఒక్కటే ఉంది. రెండోదాని గడువు దాటిపోయిందని ఆమే నెలలుగా చెబుతోంది.

మాస్కు పట్టీ బిగించేటప్పుడు ఆమెకు తెలియకుండానే చీర తడిసిపోయింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పకుండా ఉండొచ్చు. కానీ తర్వాత శిక్షణకు వచ్చిన ప్రతివాడికీ చెప్పేది. కాళ్లు కదలలేదు. రాజమణి ఇంట్లో ఉంది, ఇల్లు గాలి దారిలోనే ఉంది. ఆ ఒక్క ఆలోచన వచ్చాక కాళ్లు కదిలాయి.

పొగలో తన చెయ్యి తనకే కనిపించలేదు. పాదాలతో తడుముకుంటూ సిలిండర్ చేరింది. గడ్డపార దాని కింద దూర్చి, కాళ్ల బలంతో ఎత్తి నెట్టింది. ఒక చుట్టు దొర్లింది. మళ్లీ నెట్టింది. గుంత అంచున రాయికి తట్టుకుని ఆగిపోయింది. ఎంత నెట్టినా కదల్లేదు. అప్పుడు మాస్కు లోపల వాసన తగిలింది. మొదట పలచగా, తర్వాత ముక్కు మండేలా. మాస్కు డబ్బాలో గాలిని వడగట్టే మందు అయిపోతోంది. ఇస్సాకు కూడా ఇట్లాగే వాసన చూసి ఉంటాడు అనుకుందట. గడ్డపార వదిలేసి పరుగెత్తాలని ఒళ్లంతా కొట్టుకుంది.

అప్పుడే పక్కనుంచి ఇంకో గడ్డపార వచ్చి సిలిండర్ కింద దూరింది. పొగలో గాజు కళ్లు కనబడ్డాయి. రాజన్న. హమాలీలను బస్తీ వైపు ఉరికించి, గడువు దాటిన మాస్కు పెట్టుకుని వచ్చాడు. మాట్లాడే వీల్లేదు. అతను తల ఊపాడు, ఇద్దరూ ఒకేసారి నెట్టారు. సిలిండర్ రాయి దాటి గుంతలో పడింది. సున్నపు నీళ్లు ఎగజిమ్మి ఇద్దరినీ ముంచెత్తాయి. ఆమె రాజన్న చొక్కా పట్టుకుని, గాలికి ఎదురుగా, గట్టు మీదికి లాక్కుపోయింది.

బస్తీలో కళ్లు మండి, దగ్గి, వాంతులు చేసుకున్నవాళ్లు చాలామంది. ఆగమ్మ రాజమణిని మిద్దె ఎక్కించి, తడిగుడ్డ ముఖాన కప్పి, పిల్లను వాటేసుకుని కూర్చుంది. ఎవరూ చనిపోలేదు. రాజన్న నెల రోజులు దవాఖానలో ఉన్నాడు. బయటికి వచ్చాక నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. ఇక పనిలోకి రాలేదు. సుందరమ్మ ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా వాళ్లింటికి పోయి కాసేపు కూర్చుని వచ్చేది. గోడ ముచ్చట వాళ్ల మధ్య మళ్లీ రాలేదని రాజన్న భార్య మా అమ్మతో అంది.

రాజన్న మానేశాక ఖాళీ అయిన హెడ్ ఆపరేటర్ పోస్టుకు పై పరీక్ష రాయాలి. సుందరమ్మ రాసి, ఎనభైమూడులో హెడ్ ఆపరేటర్ అయింది. కుర్చీ, బల్ల, తాళంచెవుల గుత్తి వచ్చాయి. ఆమె మొదట చేసిన పని సిలిండర్ దించే తాళ్లన్నీ తీయించి గొలుసులు వేయించడం. మాస్కులు కొత్తవి కావాలని అడిగి అడిగి, చివరికి ఆఫీసు ముందు కూర్చుంటే నాలుగు వచ్చాయి.

మరుసటి ఏడాది డిసెంబరులో భోపాల్ వార్త వచ్చింది. నాయన దుకాణంలో పేపరు గట్టిగా చదువుతుంటే రోడ్డు మీద పోయేవాళ్లంతా ఆగిపోయారు. కాసేపటికి ఒకతను అన్నాడు. "మన కార్ఖానాల గూడ గ్యాసే గద ఉన్నది?"

అంతే. రెండు రోజుల్లో మూడొందల మంది దాకా కార్ఖానా గేటు ముందు చేరారు. ఎనభైఒకటి నాటి పచ్చపొగ ఎవరూ మరిచిపోలేదు. ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకుని వచ్చారు. కొందరు రాళ్లు తెచ్చారు. "బంద్ కరో" అని అరుపులు. నేను అప్పటికి కాలేజీలో ఉన్నాను, రాజమణితో కలిసి వెనక నిలబడ్డాను. రాజమణి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, గోళ్లు దిగాయి.

సుందరమ్మ గేటు తీయించి బయటికి వచ్చింది. ఒక్కతే. ముఖం పాలిపోయి ఉంది.

"ఇది గా భోపాల్ గ్యాసేనా అమ్మా?" అని ముందున్నతను అడిగాడు.

"అది గాదు. ఇది వేరే."

"ఇది చంపదా?"

చంపదు అంటుందేమోనని నేను ఎదురుచూశాను. "చంపుతది" అంది. "నా పెనిమిటిని చంపింది. మీ అందరికి ఎర్కనే. నాకు గూడ రోజు భయమే. మీకు అబద్ధం చెప్పి ఇంటికి పంపియ్య."

గుంపులో కలకలం లేచింది. ఒక రాయి వచ్చి గేటుకు తగిలింది. ఆమె ఉలిక్కిపడి, రెండు చేతులూ తలమీద పెట్టుకుని, మళ్లీ దించింది.

"బంద్ చెయ్యమంటే ఇప్పుడే చేస్త. కాని నల్లా గూడ బంద్ చెయ్యాలె. గ్యాస్ లేని నీళ్లు మీ పిల్లలకు నేను ఇయ్య. ఎవలన్న ఆడోళ్లు పదిమంది లోపటికి రాండ్రి. ఎట్ల కాపాడుతున్నమో చూడుండ్రి. ఏది తక్కువున్నదో మీరే చెప్పుండ్రి. మీరు అడిగితే పైనోళ్లు జల్ది వింటరు."

ఎవరూ కదల్లేదు. చివరికి జహంగీర్ భాయ్ భార్య ముందుకు వచ్చింది. ఆమె వెనక మా అమ్మ. మా అమ్మ జీవితంలో ఎన్నడూ గుంపులో ముందుకు పోయిన మనిషి కాదు.

వాళ్లు లోపలికి పోయి సిలిండర్లు, గొలుసులు, సున్నపు గుంత చూసి వచ్చారు. ఏం చూశావని నాయన అడిగితే అమ్మ, "గ్యాస్ కారితే మనకు ఎర్కయ్యెటట్టు కొట్టెతందుకు ఒక్క గంట గూడ లేదు ఆడ" అంది. అదే అందరూ పట్టుకున్నారు. సంతకాలు పెట్టి, ఆఫీసుల చుట్టూ తిరిగి, ఎండాకాలానికల్లా గోదాము పైన సైరన్ పెట్టించారు. మోగితే ఏ వైపు నడవాలో, ఎవరి మిద్దెలు ఎక్కాలో సుందరమ్మ గల్లీ గల్లీ తిరిగి చెప్పింది.

మొదటిసారి సైరన్ మోగించి చూసే రోజు ముందే చాటింపు వేశారు. ఉత్తుత్తిదేనని అందరికీ తెలుసు. అయినా అది కూయగానే నాయన దుకాణం తెరిచిపెట్టి మిద్దె ఎక్కేశాడు. ఆగమ్మ దేవుని పేరు గట్టిగా పలుకుతూ మెట్ల మీదే కూర్చుండిపోయింది.

ఆ ఏడాదే కార్ఖానాకు ఇద్దరు కొత్త ఆపరేటర్లు వచ్చారు, సర్టిఫికెట్లతో సహా. సుందరమ్మ ఇద్దరినీ ఆకుపచ్చ తలుపుల లోపలికి తీసుకుపోయింది. ఒకడు, సీమోను, గుమ్మం దగ్గరే చెమటలు పట్టి, మాస్కు పట్టీ మూడుసార్లు సరిచూసుకుని, అమ్మోనియా గుడ్డ అడిగి తీసుకున్నాడు. రెండోవాడు మాస్కు మెడలో వేలాడేసుకుని, "ఇదేముంది అమ్మా, మాకు అలవాటే" అంటూ సిలిండర్ మీద చెయ్యి వేశాడు.

ఆమె రెండోవాణ్ని పటిక గోదాముకు పంపింది. గ్యాస్ రూం తాళంచెవి సీమోను చేతిలో పెట్టి, సాయంత్రం డ్యూటీ అప్పగించి, ఇంటికి నడిచింది. సగం దూరం పోయాక గాలి ఎటు వీస్తోందో చూసుకోవడానికి ఒకసారి ఆగింది.